ప్రమీల మిస్ ఎంచిన దయ్యం

హిందూపురంలో ప్రైవేటు స్కూలు నడపాలంటే పాఠాలు చెబితే సరిపోదు. ఏడాది పొడుగునా ఏదో ఒక పండుగ చేసి, ఫోటోలు తీసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడుతూ ఉండాలి. బెంగళూరులో బావమరిది ఇంటికి పోయివచ్చిన కరస్పాండెంట్ బాలాజి, అక్టోబరు చివర్లో హాలోవీన్ చేద్దామన్నాడు. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకు రావాలి. సరదా ఉన్న తండ్రులు కూడా వేసుకు రావచ్చు. మధ్యాహ్నం యూకేజీ గదిలో గోడ మీద ఒక దయ్యం సినిమా వెయ్యాలి. గుమ్మడికాయలు తెప్పించి వాటికి కళ్లూ పళ్లూ కోయించాడు. దిష్టి తియ్యాల్సిన కాయకు ఈ మొహమేమిటని ఆయా చౌడక్క గొణుక్కుంది గానీ, కోయగా మిగిలిన ముక్కలు మాత్రం పులుసుకని ఇంటికి పట్టుకుపోయింది.

సినిమా ఎంచే పని యూకేజీ టీచరు ప్రమీల మీద పడింది. నలభైకి దగ్గర పడిన మనిషి. కాపురం పెనుకొండలో. రోజూ సోమందేపల్లి మీదుగా బస్సులో వచ్చి పోతుంది. చిన్నపిల్లల చేతులు పట్టి అక్షరాలు దిద్దించడమే ఆమెకు తెలిసిన పని. ఎన్నేళ్లయినా ఆమె నోట 'నోరు ముయ్యండి' అన్న మాట ఎవరూ వినలేదు. అందుకే ఆమె గది ఎప్పుడు చూసినా సంతలా ఉంటుందని బాలాజి సణుగుతుంటాడు.

గ్రూపులో సలహాలకు కొదవ లేదు. దయ్యాలను చూస్తే మా పాపకు జ్వరం వస్తుందని ఒక తల్లి రాసింది. మావాడు ఫైటింగ్ సినిమా పెడితేనే పెరుగన్నం తింటాడు, తలకాయలు తెగి పడుతున్నా ముద్ద ఆగదని ఒక తండ్రి గొప్పగా చెప్పుకున్నాడు. నెత్తురు కనపడకపోతే చాలు, ఏదైనా వేసెయ్యమన్నాడు బాలాజి. వారం రోజులు ప్రమీల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఫోనులో దయ్యాల బొమ్మల సినిమాలన్నీ చూసింది. చూసి ఒక్కొక్కటే పక్కన పెట్టింది.

నెత్తురు ఉందా లేదా అని ఆమె చూడలేదు. ఆమె చూసింది ఒక్కటే. కథలో పిల్ల ఎక్కడో ఒక మూల దాక్కుంటుంది, ఊపిరి బిగబట్టి నోరు నొక్కుకుంటుంది, వెతికేవాడి అడుగులు దగ్గరికొస్తాయి. ఆ ఘట్టం రాగానే సినిమా ఆపేసేది. రాని సినిమా ఒక్కటీ దొరకలేదు. దయ్యాల సినిమాలు తీసే మహానుభావులకు ఇంకో రకంగా భయపెట్టడం చేతకాదు కాబోలు.

ప్రమీల పుట్టింది రొద్దం దగ్గరి పల్లెలో. ఆమెకు ఏడేళ్లప్పుడు, ఆడదయ్యం ఒకటి తలుపులు తడుతోందని ఆ చుట్టుపక్కలంతా పుకారు పుట్టింది. తలుపు మీద 'రేపు రా' అని రాస్తే, అది చదువుకుని వెనక్కి పోతుంది. మర్నాడు వచ్చి మళ్లీ చదువుకుని మళ్లీ పోతుంది. ఇంట్లో అక్షరం ముక్క వచ్చింది ప్రమీలకే కనుక, అవ్వ వెంకటమ్మ ఆమె చేతే సున్నంతో రాయించింది. ఆ గుండ్రటి అక్షరాలను చూసుకుని ప్రమీల తెగ మురిసిపోయింది.

ఒక పొద్దు దీపాలు పెట్టే వేళకు నిజంగానే వచ్చారు. వచ్చింది దయ్యాలు కాదు, నాయనతో ఎన్నికల పగ ఉన్న మనుషులు. వాళ్లలో చదువు వచ్చినవాడొకడు తలుపు మీది అక్షరాలు పైకి చదివి, నవ్వి, "రేపు గాదు, ఈ పొద్దే" అన్నాడు. తలుపు తన్ని లోపలికొచ్చారు. అవ్వ మనవరాలిని గాదె వెనక్కి లాక్కుపోయి అరచేత్తో నోరు నొక్కేసింది. నాయన కేకలు మొదట్లో మాటలుగా ఉన్నాయి. తర్వాత మాటలు పోయి ఉత్త కేకలు మిగిలాయి. అవీ పోయాక, కట్టెలు కొడుతున్నట్టు చప్పుడు మాత్రం చాలాసేపు వినపడింది. గడపకు అవతలి నుంచి నెత్తురు గాదె కిందికి పారి పిల్ల పాదాలకు వెచ్చగా తగిలింది. అవ్వ చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే ప్రమీల పన్ను తన పెదవిలోకే దిగింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ కేక మాత్రం ఇప్పటికీ బయటికి రాలేదు.

చివరకు ఆమెకు నచ్చిన సినిమా ఒకటి దొరికింది. కుండలో కాపురముండే పిల్లదయ్యం. కుండ పగిలి దారి తప్పి, మనుషులను చూసి జడుసుకుని ఏడుస్తుంది. ఊళ్లో పిల్లలంతా కలిసి దానికి కొత్త కుండ వెతికిపెడతారు. ఇందులో భయమేముందని బాలాజి పెదవి విరిచాడు. అయిదేళ్లవాళ్లకు ఈ భయం చాలంది ప్రమీల. అంతటితో ఊరుకోలేదు. తరగతి తలుపు మీద సుద్దముక్కతో 'రేపు రా' అని రాసి, పిల్లలకు దయ్యం కథ చెప్పింది, రెండో సగం వదిలేసి. ఎవరికి భయమేసినా దాక్కోకూడదు, 'రేపు రా' అని గట్టిగా అరవాలి, అరిస్తే తాను సినిమా ఆపేస్తుంది. రెండు రోజులు పిల్లలు గొంతులు బొంగురుపోయేలా అరవడం నేర్చుకున్నారు. రోజా ఒక్కతే నోరు విప్పలేదు.

రోజా ఎక్కడా నోరు విప్పని పిల్ల. తండ్రి శివకృష్ణ ధర్మవరంలో మగ్గం వదిలేసి హిందూపురంలో కంపెనీ పనికి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి తాగుడు, తాగినప్పుడల్లా పెళ్లాన్ని బాదడం. రోజా తల్లి సుకన్య మోచేతులు చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది. హాలోవీన్ రోజు పొద్దున ఆమె గేటు దగ్గర ప్రమీల చెయ్యి పట్టుకుని, సాయంత్రం బిడ్డను తీసుకుని ధర్మవరం అమ్మగారింటికి పోతున్నానని, ఇక తిరిగి రానని చెప్పింది. "నేను వస్తేనే పంపండి మేడమ్. వాళ్ల నాయనొస్తే ఇయ్యొద్దండి. సంపుతాడు" అంది. ప్రమీల ఇవ్వనని మాటిచ్చింది.

సినిమా మొదలయింది. తెల్ల దుప్పట్లు, కాగితపు కోరలు, మసి మీసాలు పెట్టుకున్న పిల్లలు కింద చాపల మీద కూర్చుని కుండదయ్యాన్ని చూసి పకపకా నవ్వుతున్నారు. అస్థిపంజరం వేషం వేసుకున్న ఒక తండ్రీ, దుప్పటి కప్పుకున్న ఇంకో తండ్రీ వరండాలో టీ తాగుతున్నారు. అప్పుడొచ్చాడు శివకృష్ణ. చొక్కా నిండా నెత్తురు, చేతిలో వేటకొడవలి. వాచ్‌మన్ తిమ్మప్ప గేటు తీసి, మెచ్చుకోలుగా నవ్వి, "ఏమప్పా, బాగా కుదిరిండాదే నీ వేషం" అని లోపలికి పంపాడు. ఇంకో రోజయితే చొక్కా మీద చుక్క నెత్తురు చూసినా తిమ్మప్ప ఊరంతా లేపేవాడు.

తలుపు తెరుచుకునేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంత మంచి దయ్యం పొద్దుటి నుంచీ రాలేదు. ప్రమీల మాత్రం కొడవలి వంపు దగ్గర చూసింది. అక్కడ నెత్తురు అప్పుడే నల్లబడుతోంది. అందులో పొడుగాటి వెంట్రుకలు నాలుగు అతుక్కుని ఉన్నాయి. సుకన్య వెంట్రుకలు. వెనక బొమ్మల బీరువా తలుపు కిర్రుమంది. రోజా అందులోకి దూరింది.

"నా కూతురు యాడ?" అన్నాడతను.

ప్రమీల గబగబా నడిచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనక్కి తిరక్కుండానే, పద్యం చెప్పించే గొంతుతో, "పిల్లలూ, దయ్యమొచ్చింది. ఏమంటాం?" అంది.

'రేపు రా' అని గది మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. శివకృష్ణ ఒక్క క్షణం తికమకపడ్డాడు. తర్వాత కొడవలి లేచింది. ప్రమీల ఎడమ చేత్తో దాన్ని పట్టుకుంది. అంచు అరచేతిలో ఎముక దాకా దిగింది, చిటికెన వేలు వేలాడిపోయింది. ఆమె అరవలేదు. భుజంతో అతని రొమ్మును గుద్ది గడప అవతలికి తోసింది. అతను వరండాలో వెల్లకిలా పడ్డాడు, కొడవలి ఆమె చేతిలోనే ఉండిపోయింది. మళ్లీ ఏమంటాం అని అడిగింది. పిల్లలు ఇంకా గట్టిగా అరిచారు.

అరుపులు విని వచ్చిన తిమ్మప్పకు, వరండాలో నేల మీద పడిన నెత్తురు చూసి అప్పుడు బుర్ర వెలిగింది. గంట కొట్టే ఇనపకడ్డీ తెచ్చి, లేవబోతున్నవాడి మోచేతి మీద వేశాడు. ఎముక పుటుక్కున విరిగింది. దుప్పటి దయ్యం కాళ్లు పట్టుకుంది, అస్థిపంజరం గుండెల మీద కూర్చుని మొహం మీద గుద్దులు కురిపించింది. పన్ను ఒకటి ఊడి గుమ్మడికాయ పక్కకు దొర్లింది. ఇంకా కొట్టండి, చావగొట్టండి అని ప్రమీల లోపల ఎవరో అంటున్నారు. కొడవలి ఇప్పుడు ఆమె కుడిచేతిలో ఉంది. పెనుగులాటలో వాడి మెడ గడపకు జానెడు దూరంలోకి వచ్చింది. నాయనకు ఎన్ని దెబ్బలు పడ్డాయో, అన్నీ ఆ ఒక్క మెడ మీద తీర్చుకోవాలన్నంత కోపం వచ్చింది ఆమెకు. చెయ్యి పైకి లేచింది కూడా.

వెనక పిల్లలు చూస్తున్నారు. ఈ సినిమా వాళ్లకు చూపించకూడదనుకుంది. తలుపు మూసి గడియ పెట్టి, కొడవలిని బీరువా మీదికి విసిరేసి, సినిమా గొంతు పెంచింది. చీర చెంగు చేతికి చుట్టుకుని, పిల్లదయ్యానికి కొత్త కుండ దొరికిందాకా పిల్లల మధ్యే నవ్వు మొహంతో నిలబడింది.

పోలీసు జీపు వచ్చి పోయింది. పిల్లలను అవతలి తలుపు నుంచి పంపేశారు. పెద్ద దయ్యం అన్నింటికంటే బాగుందని వాళ్లు ఇళ్లలో చెప్పుకున్నారట. సుకన్య బతికే ఉందని, నెత్తి మీది చర్మం లేచిపోతే ఆస్పత్రిలో కుట్లు వేస్తున్నారని, ధర్మవరం నుంచి తల్లి బయల్దేరిందని చౌడక్క కబురు తెచ్చింది. ప్రమీలను కూడా ఆస్పత్రికి పదమన్నారు. ఆమె ముందు బీరువా తెరిచింది.

రోజా బొమ్మల మధ్య ముడుచుకుని, తన చేతినే పళ్లతో కరిచిపట్టుకుని ఉంది. ప్రమీల కింద కూర్చుని మెల్లగా ఆ చెయ్యి విడిపించింది. పంటిగాట్లలో నెత్తురు చిమ్మింది. నాయన మళ్లీ రాడులే అని చెబుదామనుకునేలోపు, ఏడాదిలో మొదటిసారి రోజా నోరు తెరిచింది.

"అందురూ రేపు రా అంటిరి కదా మిస్. మా నాయన రేపొస్తాడు."

దయ్యమయితే చదువుకుని పోతుంది, మనిషిని ఆ రాత ఆపదు. ఏడేళ్లప్పుడే చెవులారా విన్న సంగతిని ప్రమీలే మర్చిపోయింది. లేచి పోయి తలుపు మీది అక్షరాలను చేతికి చుట్టిన చెంగుతోనే తుడిచేసింది. తెల్లటి అక్షరాలున్న చోట ఎర్రటి మరక మిగిలింది. తిరిగొచ్చి రోజా పక్కన కూర్చుంది.

"వస్తే రానీ. రేపు నేనూ ఈడే ఉంటా," అంది. "నువ్వు మాత్రం అరువమ్మా. ఎంత వస్తే అంత అరువు."

రోజా ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఆ చిన్న గొంతులోంచి వచ్చిన కేకకు వరండాలో వాళ్లంతా లోపలికి పరిగెత్తుకొచ్చారు. ఊరుకోమ్మా, ఊరుకో అంటూ చౌడక్క ప్రేమగానే వంగి, పిల్ల నోటి మీదికి చెయ్యి చాపింది. ప్రమీల తెగిన చేత్తోనే ఆ చేతిని పక్కకు తోసింది.

"నోరు మూయొద్దు చౌడక్కా. అరవనీ."

పాప అరుస్తూనే ఉంది. ఎవరూ ఆపలేదు. కాసేపటికి ఆ గదిలో రెండు గొంతులు వినపడ్డాయి. రెండోది ఎవరిదో చౌడక్కకు వెంటనే అర్థం కాలేదు, ప్రమీల మిస్ అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు.