గన్నేరు కొమ్మ

పొద్దున్నే కనకాంబరాలకి నీళ్ళు పోస్తూ, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. ఎండకైతే ఆకంతా వాడుతుంది. పురుగైతే కంత పెడుతుంది. ఇది ఎవరో అగరవత్తితో చుట్టూ గీసినట్టు అంచున మొదలై లోపలికి వస్తోంది. ఒక్క మొక్కే కదా అని సర్దిచెప్పుకుని పక్క కుండీ చూశాను. దానికీ ఉంది. చెంబు అక్కడే పెట్టి అరుగు మీద కూలబడ్డాను. ఈ రంగుని నేనెరుగుదును. ఇరవై ఏళ్ళ కిందట మా పిన్ని పెరట్లో మూడు నెలలపాటు దీన్ని చూస్తూ కూర్చున్నాను, నోరు విప్పకుండా.

మా పిన్ని హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరైంది. మర్నాటి నుంచీ చేతిలో బెత్తం లేక, ఏం చెయ్యాలో తోచక, ఊళ్ళో మొక్కల క్లబ్బు పెట్టింది. పేరుకే క్లబ్బు గానీ నడిచింది క్లాసులాగే. ఆలస్యంగా వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి కారణం చెప్పుకోవాలి. చర్చికి వచ్చే టీచరమ్మలం ఆరుగురం, కొబ్బరితోటలున్న రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు ఆరుగురు. నేను సెక్రటరీని. అంటే జంతికల డబ్బా తేవడం, మినిట్స్ రాయడం నా పని. నవ్వకండి, ఆ క్లబ్బు చేసింది చిన్న పనేం కాదు. ఆస్పత్రి ఆవరణలో రోగుల బంధువులు కూర్చునే నీడ మేం పెంచిందే. సమాధుల తోటలో ముళ్ళకంప కొట్టించి వరసగా నందివర్ధనాలు వేసింది మేమే. కొత్తగా కాపురం పెట్టినా, బాప్తిస్మమైనా, బారసాలైనా, ఆ ఇంటికి పిన్ని పెరట్లో పెరిగిన మొక్క ఒకటి వెళ్ళేది.

ఊరికే వెళ్ళేది కాదు. ముందు ఆ ఇంటి నీళ్ళు తాగి చూడాలి. సముద్రం దగ్గరి నేల మాది. ఒక నూతిలో నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటే నాలుగిళ్ళ అవతల ఉప్పు తగులుతుంది. రోజూ అవే తాగేవాళ్ళకి ఆ సంగతి తెలీదు. ఉప్పు కొద్దికొద్దిగా ఎక్కుతుంటే నాలుక దానికి అలవాటు పడిపోతుంది. అందుకని పరాయి నాలుక కావాలనేది పిన్ని. ఇద్దరు ముగ్గురం వెళ్ళి, చెంబు అందుకుని, తలో గుక్క తాగేవాళ్ళం. బాగుంటే మల్లె, కనకాంబరం, గులాబి. ఉప్పగా ఉంటే? మొహమ్మీద ఉప్పని ఎలా అంటాం! ఆ ఇల్లాలు కష్టపెట్టుకోదూ? "మీకు గన్నేరు బావుంటుందండీ," అనేవాళ్ళం. గన్నేరు ఉప్పునీళ్ళకి ఓ పట్టాన చావదు. ఆవిడ సంబరంగా "ఆయ్, అలాగేనండీ," అనేది. బయటికొచ్చాక మాలో మేం "గన్నేరిల్లు" అనుకునేవాళ్ళం. ఇంత మర్యాద మరే ఊళ్ళోనూ ఉండదని మాకు గర్వం కూడాను.

పిన్నిది గన్నేరిల్లు కాదు. తన నూతి మీద ఆవిడకున్న గీర ఇంతా అంతా కాదు. ప్రతి నెలా రెండో శనివారం, మీటింగు మొదలయ్యే ముందు, చేద వేసి నీళ్ళు తోడి చెంబు అందరికీ తిప్పేది. "తియ్యగా ఉన్నాయా?" అనడిగేది. "ఆయ్, బావున్నాయండీ," అని పాఠం అప్పజెప్పినట్టు అనేవాళ్ళం. ఆ తర్వాతే జంతికలు.

ఒక శనివారం పిన్ని పాత శిష్యుడొకాయన వచ్చాడు. నడివయసు మనిషి, అయినా చెప్పులు గుమ్మం బయట విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "టీచర్ గారండీ, మీ గోడెనకాల మా చేలో ఉప్పునీళ్ళ చెరువు తవ్విస్తున్నానండీ, రొయ్యలకి. మీ నూతికేమన్నా తేడా వస్తే ఒక్క మాట చెప్పండి, నీళ్ళు తీయించేత్తాను. మీకన్నా ఎక్కువేంటండీ!" అన్నాడు. అందరం ఒక్కసారే "ఆయ్" అన్నాం. విన్నామని మా ఉద్దేశం. ఒప్పుకున్నామని ఆయనకి అర్థమైంది. పిన్ని మాత్రం మావంక తిరిగి, "నేను రోజూ తాగేదాన్ని, నాకు తెలీదు. మీరే చెప్పాలి," అంది.

చెరువు నిండిన రెండో నెల. చెంబు నా దాకా వచ్చింది. గుక్క మింగాక నాలుక చివర ఏదో తగిలి ఒక్క క్షణం ఆగాను. పక్కావిడ వంక చూశాను. ఆవిడా ఆగింది. ఈలోపు అటు చివరి నుంచి "ఆయ్, బావున్నాయండీ," వచ్చేసింది. మేమూ అనేశాం. అనుమానమే కదా, వచ్చే నెల చూద్దాం అనుకున్నాను. వచ్చే నెల అది అనుమానం కాదు. అయినా, ఊరందరికీ గన్నేరు పంచిన మనిషి ఎదుట నిలబడి "మీకూ గన్నేరే," అని ఎవరనగలరు? గోడ వెనక చెరువులో గాలి పట్టించే ఏరేటర్లు రాత్రీ పగలూ నీళ్ళు చిలుకుతూనే ఉన్నాయి. ఆస్పత్రికి పంపిన నారు వారంలో పోయింది. కనకాంబరాల అంచులు మాడితే పిన్ని వేపనూనె కొట్టింది. గోనెపట్టాలు నీడ కట్టింది. మల్లె మొగ్గ తొడగడం మానేస్తే "నామీద అలిగింది," అంది. నూతి వరల లోపలివైపు తెల్లటి చార ఒకటి తేలింది. నేను చూశాను. ఆ పెరట్లో కప్పలు అరవడం ఎప్పుడు మానేశాయో మాత్రం ఎవరమూ గమనించలేదు.

అయిదో నెల, ఒక రైతు ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన హైదరాబాదావిడ మీటింగుకి వచ్చింది. చెంబు అందుకుని గుక్క తాగి, పక్కకి ఉమ్మేసింది. "ఇవేం నీళ్ళండీ, ఇంత ఉప్పగా!" అంది.

పిన్ని మా మొహాలు ఒక్కొక్కటే చూసింది, హాజరు వేసుకుంటున్నట్టు. నా దగ్గర ఆగింది.

"ఎన్నాళ్ళయిందే?"

"మూడు నెలలు, పిన్నీ."

తిట్టలేదు. తిడితే బావుండును. గొడుగు పట్టుకుని శిష్యుడింటికి బయల్దేరింది, వెనకాల నేను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అప్పుడే ఒక్క మాటంటే ఆపేసేవాణ్ణండీ. టీచర్ గారింట్లోనే ఏమీ అనలేదు కదాని చుట్టూ అందరూ తవ్వించేసేరండీ. ఇప్పుడు నా ఒక్కడిదీ తీయించినా ఏం లాభమండీ?" అన్నాడు. అబద్ధం కాదు. తిరిగొచ్చే దారి పొడుగునా చేలుండాల్సిన చోట నీళ్ళు మెరుస్తున్నాయి.

ఆ తర్వాతి రెండో శనివారం చెంబు తిరగలేదు. వెళ్ళేటప్పుడు పిన్ని గుమ్మంలో నిలబడి అందరికీ తలో గన్నేరు కొమ్మ ఇచ్చింది. నాకిస్తూ "నీకు బావుంటుంది," అంది.

పిన్ని పోయింది. క్లబ్బు ఉంది, ఫోన్లో గ్రూపుగా. మొక్కలు కడియం నర్సరీల నుంచి వ్యానులో వస్తాయి. తాగే నీళ్ళు టిన్నుల్లో వస్తాయి కాబట్టి ఎవరి నీళ్ళూ ఎవరూ తాగి చూడరు. చెరువులు ఏడాదికో చేను చొప్పున జరుగుతూ కిందటేడు మా వీధి చివరికి చేరాయి. మొండితనం మా వంశంలోనే ఉంది, నేనింకా మా నూతి నీళ్ళే తాగుతున్నాను.

ఇందాక లేచి గ్లాసుడు తోడుకుని తాగాను. తియ్యగానే ఉన్నాయి. ఉండవూ మరి, రోజూ తాగేదాన్నాయె! గోడవతల బట్టలారేస్తున్న పొరుగింటి కోడల్ని పిలిచాను. ఆ పిల్ల అత్తగారు మా పాత క్లబ్బు మనిషి. ఇప్పుడు క్లబ్బు సెక్రటరీ ఈ పిల్లే.

"తాగి చెప్పమ్మా, తియ్యగా ఉన్నాయా?" అన్నాను.

గుక్క తాగింది. ఒక్క క్షణం ఆగింది. పెదాలు తుడుచుకుని నవ్వింది.

"ఆయ్, బావున్నాయండీ పిన్నిగారూ." గ్లాసు తిరిగిచ్చేస్తూ కుండీల వైపు చూసింది. "ఆ కనకాంబరాలు తీయించేయకూడదాండీ? మా అత్తగారు వేసిందుంది, సాయంత్రం ఓ కొమ్మ తెచ్చిస్తాను. మీకు గన్నేరు బావుంటుందండీ."

"ఆయ్," అన్నాను. గుక్క మింగాక ఆ పిల్ల ఆగిన క్షణం ఎంతసేపుంటుందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ కిందట మా పిన్ని పెరట్లో మొదలైన క్షణమే అది, ఇంకా గడవలేదు.