రత్నమ్మత్త జప్తు చేయించిన కుర్చీ

కుర్చీ కాళ్లు గచ్చుమీద గీరుకుంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. నాకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. ఈ ఉదయం చిత్తూరు కోర్టు వరండాలో ఎవరో కుర్చీ ఈడ్చారు. చంద్రగిరిలో మా పక్కింటి రత్నమ్మత్త గుర్తొచ్చింది.

అత్త మామిడితోట సర్కారు భూమేనంటూ ఒక శాఖవాళ్లు చుట్టూ కంచె వేశారు. ఒంటరి ఆడది, ఏం చేస్తుందిలే అనుకున్నారు. అత్త పాడి ఆవుల్ని అమ్మి దావా వేసింది. ఏళ్ల తరబడి తిరిగాక, తోట ఆమెదేనని, దావా ఖర్చులు కూడా ప్రభుత్వమే ఇచ్చుకోవాలని తీర్పు వచ్చింది. అప్పటికి నేను ఆమె వకీలు దగ్గర కొత్తగా చేరిన జూనియర్‌ని. "తోట దక్కింది కదమ్మా, ఇక వదిలెయ్యి. సర్కారు దగ్గర ఖర్చులు రాబట్టడమంటే రాతి నుంచి నార తీయడమే" అన్నారు మా సీనియర్.

"తప్పు సేసింది వాళ్లు, దండగ కట్టేది నేనా? తియ్యండి సామీ ఆ నారేందో, సూస్తాం" అంది అత్త.

ఖర్చుల కోసం ఆ శాఖ ఆఫీసుకు ఆమె వెంట తిరిగింది నేనే. "నిధుల్లేవు, మళ్లీ రండి" అనేవాడు ఆఫీసరు, తల ఎత్తకుండా. ఎదురుగా కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆ పెద్దామెను ఒక్కనాడూ కూర్చోమనలేదు. నాకు ఏడుపొచ్చేది. అత్తకు కోపమొచ్చేది. కోర్టు ఇచ్చిన గడువు దాటగానే ఆఫీసు సామాన్ల జప్తుకు పిటిషన్ వేయించింది.

కోర్టు అమీనా జప్తు ఉత్తర్వుతో వచ్చిన రోజు, సిబ్బంది వరండాలోని విరిగిన బల్లలు చూపించి తీసుకుపొమ్మన్నారు. అత్త వాటివైపు చూడనైనా లేదు. నేరుగా లోపలికి నడిచి ఆఫీసరు కుర్చీమీద చెయ్యి వేసింది.

"లెయ్ నాయనా. ముందు దీన్ని జప్తు లిస్టులో రాసుకోనీ."

"ఏందమ్మా ఇది? ఇది గవర్నమెంటు కుర్చీ!"

"నేను గెలిసింది గవర్నమెంటు మీదనే గదప్పా!"

ఆయన లేచాడు. అమీనా ఆ కుర్చీని బయటికి ఈడ్చుకొస్తుంటే ఆఫీసంతా ఆ చప్పుడే. దాన్ని కోర్టుకు తీసుకుపోయే ఆటో వచ్చేదాకా అత్త వరండాలో దానిమీదే కూర్చుంది. నెల తిరక్కుండానే, లేవన్న నిధులు కోర్టులో జమయ్యాయి. ఆ డబ్బుతో అత్త మళ్లీ పాడి పెట్టింది.

అత్త ఇప్పుడు లేదు. నా ఆఫీసుకు ఎవరొచ్చినా ముందు కుర్చీ వేస్తాను. ఈ ఉదయం నా కక్షిదారు, ఒక రైతు, సర్కారు మీద దావా గెలిచి బయటికి వస్తుంటే ప్రభుత్వ వకీలు నా పక్కన చేరాడు. "భూమి వచ్చింది కదా మేడం, ఖర్చులు వదిలేయండి."

"మీ ఆఫీసరు కుర్చీ ఆటోలో పడుతుందో లేదో కనుక్కోండి సార్" అన్నాను.