తలుపు వైపు నీలం గడి

మా పిన్నికి అంకెలు రంగుల్లో కనపడితేగానీ నమ్మకం కుదరదు. ఒక గోదాము ఆఫీసులో ఏళ్ల తరబడి స్ప్రెడ్‌షీట్లు నింపిన చెయ్యి ఆమెది. ఇంట్లో గ్యాస్ ఎప్పుడు మార్చారు, ఏ కుండీకి నీళ్లు పోశారు, అన్నిటికీ గడులే, గడులకు రంగులే. "నా కోపానికీ ఒక గడి ఉండే ఉంటుంది" అంటాడు బాబాయి.

గోదాము మూతపడ్డాక ఆమె ఒక త్రీడీ ప్రింటర్ కొని చిన్న దుకాణం తెరిచింది. ఆస్పత్రివాళ్లు పంపే స్కాన్‌లను బట్టి ఎముకల నమూనాలు ప్లాస్టిక్‌తో ముద్రించి ఇస్తుంది. డాక్టరు ఆపరేషన్‌కు ముందే ఆ నమూనా మీద లోహపు పట్టీని వంచి సరిచూసుకుంటాడు.

దుకాణాన్ని కొత్త గదికి మార్చిన వారమే ఒక బస్సు డ్రైవరు కింది దవడ పని వచ్చింది. ప్రమాదంలో విరిగింది. ఆపరేషన్ మర్నాడు పొద్దున. నమూనా సాయంత్రానికి చేరాలంటే మధ్యాహ్నంలోపే ముద్రణ మొదలవ్వాలి. దాన్ని తీసుకెళ్లడానికి డ్రైవరు అక్క షట్టరు ఎత్తకముందే వచ్చి, గుడ్డసంచీ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

వెనక గోడ, ముందు తలుపు ఉండేలా పెట్టిన ప్రింటర్‌లో మొదటి పొరే అంటుకోలేదు. ప్లాస్టిక్ దారం బెడ్ మీద, అంటే నమూనా నిలబడే పలక మీద, ఒక మూల తేలిపోయి చుట్టలు చుట్టుకుంది. సామాను మోసేటప్పుడు ఎక్కడో తగిలి పలక వాలినట్టుంది. ప్రింటర్‌లో ఒక సూది పలకను అక్కడక్కడా తాకి ఎత్తుపల్లాలు కొలుస్తుంది. పిన్ని ఆ అంకెలను షీట్‌లో అతికించి రంగులు వేసింది. ఎత్తు ఎరుపు, పల్లం నీలం, సమంగా ఉన్నచోట తెలుపు. పైవరసలో కుడి చివరి గడి ముదురు నీలంగా మారింది.

"గోడ వైపు కుడి మూల దిగిపోయింది" అంది పిన్ని. పలక కింద ఆ మూలనున్న మరను తిప్పి పైకెత్తింది. మళ్లీ కొలిచింది. నీలం ఇంకా చిక్కబడింది. అడుగు వరసలో కుడి చివరి గడి ఎర్రబడింది.

మరికాస్త తిప్పింది. ఎరుపు మరికాస్త పెరిగింది. స్ప్రింగు మార్చింది. లాభం లేదు.

"పలక వంకరేమో. ఆస్పత్రివాళ్లకి ఫోన్ చేసి కుదరదని చెప్పేస్తే పోలా?" అన్నాడు బాబాయి.

"మీరు కాసేపు నోరు మూసుకోండి."

"అది నాకు అలవాటే కదా."

స్టూలు మీద ఉన్నావిడ మెల్లగా అడిగింది. "అమ్మా, ఇది కాకపోతే ఆపరేషన్ ఆపేస్తారా?"

"ఆపరు. కానీ కోసిన తర్వాత లోపలే పట్టీని అంచనా మీద వంచాలి. అట్లా వంచితే పళ్లు పళ్లకు కలవకపోవచ్చు అన్నారు." చెప్పాక పిన్ని నాలుక కరుచుకుంది.

"వాడసలే తిండి దగ్గర మొండివాడు" అని, ఆవిడ సంచీ పిడిని మెలిపెట్టసాగింది.

ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. పిన్ని చేతులు చేస్తున్నదొకటి, షీట్ చెబుతున్నదొకటి. గోదాములో సరుకూ లెక్కా తేడా వస్తే ఆమె కాగితం పక్కన పడేసి తనే వెళ్లి ఒక పెట్టెను పక్కకు జరిపి చూసేది. ఇప్పుడూ అదే చేసింది. తలుపు వైపు కుడి మూలలో పలక మీద టేపు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించింది.

"పల్లంగా ఉన్నది అటు కదా, ఇటు అంటిస్తావేం?" అన్నాడు బాబాయి.

"ఇక్కడ ఎత్తు నేనే పెంచాను. షీట్ ఏమంటుందో చూద్దాం."

సూది టిక్ టిక్‌మంటూ పలకంతా తిరిగింది. పిన్ని అంకెలు అతికించి షీట్ అడుగు వరసకేసి చూసింది. అక్కడేమీ మారలేదు. పైన, కుడి చివర, ముదురు నీలం లేతబడింది.

పిన్ని కుర్చీలో చతికిలబడింది. యంత్రం తలుపు వైపు నుంచి కొలవడం మొదలుపెడుతుంది. షీట్ ఆ మొదటి వరసనే పైన రాసుకుంటుంది, అంటే పైవరస తలుపు వైపుది. పైనున్నది దూరంగా గోడ వైపున్నదే అని ఆమె కళ్లు వాటంతటవే అనేసుకున్నాయి. పొద్దుట్నుంచీ బాగున్న మూలను పాడుచేస్తోంది.

"తలకిందులుగా చదివాను" అంది.

బాబాయి టేపు తనే ఊడబీకాడు.

గోడ వైపు మరను మునుపు ఉన్నచోటికి తెచ్చి, తలుపు వైపుది ఎత్తింది. మళ్లీ కొలిచింది. గడులన్నీ తెల్లబడ్డాయి. మధ్యాహ్నం దాటబోతుండగా మొదటి పొర పలకను పట్టుకుంది. ముగ్గురూ ఆ మూలనే చూస్తూ ఉండిపోయారు. అది లేవలేదు.

సాయంత్రం పిన్ని నమూనాను పలక నుంచి విడదీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. విరిగినచోట ఆవిడ వేలు ఆగింది. తర్వాత గడ్డం మీదికి జరిగింది.

"వాడిదే. ఈ నొక్కు చిన్నప్పట్నుంచీ ఉంది" అంది. సంచీలోంచి తువ్వాలు తీసి నమూనాకు చుట్టి, బస్సు కోసం వేగంగా నడిచింది.

పిన్ని షీట్ తెరిచి పైవరస మీద 'తలుపు', అడుగు వరస కింద 'గోడ' అని టైపు చేసింది. ఆ తర్వాతే పొద్దుటి టిఫిన్ డబ్బా మూత తీసింది.