నీడ మోసిన ఆల్వీజె

మా వెనిస్‌లో నీడలు రెండు రకాలు. ఒకటి గోడ పక్కన దొరుకుతుంది, రెండోది గ్లాసులో దొరుకుతుంది. చిన్న గ్లాసుడు వైన్‌ని మేం నీడ అనే అంటాం. ‘రా, ఒక నీడ వేసుకుందాం’ అని ఎవరైనా పిలిస్తే దాహంతో వెళ్ళాలి గాని టోపీ తీసి కాదు. ఈ సంగతి తెలియక సైమి, ఈ సంగతి తప్ప మరొకటి తెలియక ఆల్వీజె ఎలా ఇరుక్కున్నారో చెబుతాను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాస్త పెంచినవి ఉంటాయి, అవి వేరే లెక్క.

ఆల్వీజె సామాన్ల పడవ నడుపుతాడు. తాను పడవలోనే పుట్టానంటాడు. కన్నది ఆసుపత్రిలోనేననీ, పడవలో జరిగింది అంతకు ముందు సంగతనీ వాళ్ళమ్మ అంటుంది. ఈ ఊళ్ళో ఏది కదలాలన్నా నీళ్ళ మీదే కదలాలి గనక ఫ్రిజ్‌లు, సిమెంటు, శవపేటికలు, పెళ్ళి కేకులు అన్నీ మోశాడు. ఒకసారి పియానోని దాన్ని వాయిస్తున్న మనిషితో సహా దింపాడు, పాట ఆగలేదు. నేను విన్నాను.

అయినా అతని మనసులో ఒక్కటే ఉండేది. ఏడాది విడిచి ఏడాది ప్రపంచంలోని ఆర్కిటెక్టులందరూ మా ఊరి తోటకొచ్చి తమ కట్టడాలు ప్రదర్శనకు పెడతారు, పోటీ పడతారు. ఆ సరుకంతా క్రేన్లున్న పెద్ద పడవలకే పోయేది. ఆ తోట గోడ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా, “లోపలికి ఒక్క మేకైనా మొయ్యాలిరా,” అనేవాడు. ఆర్కిటెక్టుల కాలేజీలో రెండో ఏడు దాకా చదివి, మెట్లు లేని మేడ గీసి, ‘ఎలా ఎక్కుతారు?’ అన్న మాస్టారికి ‘పైనుంచి దిగుతారు’ అని జవాబిచ్చి బయటికొచ్చి అతని పడవలో చేరిన ఘనుణ్ణి నేను. కాబట్టి ఆ ఆశ నాకు బాగానే అర్థమయ్యేది.

ఇంతలో బేరాలు తగ్గాయి. భార్య నీవెస్ తేల్చి చెప్పేసింది. “ఇంక చాలు. మా తమ్ముడు ఒరెస్తె హోటళ్ళ దుప్పట్లు మోసే పడవ మీద మనిషి కావాలంటున్నాడు. సోమవారం నుంచి వెళ్ళు.”

“బావమరిది కింద పనా? దానికన్నా కాలవలో దూకుతాను.”

“దూకు, నీ చొక్కాకీ ఉతుకు పడుతుంది.”

సరిగ్గా అప్పుడే సైమి ఫోన్ చేసింది. ఫిన్లాండ్ ఆర్కిటెక్టు, మా భాష పుస్తకంలో నేర్చుకుంది. సన్నటి చెక్క బద్దలు బుట్టలా అల్లి గొడుగు ఆకారంలో ఒక పందిరి చేయించింది, ఆల్వీజె ఇంటి వెనక వడ్రంగి షెడ్డులోనే. ప్రదర్శనలో దాని పేరు ‘నీడ’.

“రేపు సాయంత్రం పోటీ న్యాయనిర్ణేతలు వస్తారు. వందమందికి నీడ కావాలి. మీరు తేగలరా?”

“అమ్మా, నీడ సంగతి మా వంశాన్నే అడగాలి. తెలుపా, ఎరుపా?”

“చెక్క రంగు,” అంది సైమి.

ఆల్వీజె ఫోన్ పెట్టేసి, “రెండూ కలపమంటోందిరా. గొప్ప మనిషి!” అన్నాడు.

మర్నాడు పొద్దుటంతా వైన్ పీపాలు పోగు చేసి పడవ నింపాం. సైమిని ఎక్కించుకుందామని షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ గట్టున నించుని ఉంది. పీపాలు చూసింది, పందిరి చూసింది, మమ్మల్ని చూసింది.

“ఇదేమిటి?”

“నీడ.”

“మరి నా నీడ?”

అప్పుడు నేను విప్పి చెప్పాను. నవ్వాలో ఏడవాలో ఆవిడకి తెలియలేదు. పీపాలు దింపే వ్యవధి లేదు. వాటి మీదే పందిరి ఎక్కించి బయల్దేరాం. కానీ మేం పీపాల కోసం తిరుగుతున్నంతసేపూ సముద్రం ఖాళీగా కూర్చోలేదు. పోటు వచ్చి కాలవలో నీళ్ళు పెరిగాయి. కాలవ చివరి వంతెన దగ్గర పందిరి కొస వెళ్ళి రాతికి టక్కున తగిలింది. నాలుగు వేళ్ళ ఎత్తు ఎక్కువ. వెళ్ళడానికి వేరే దారి లేదు.

వంతెన మీద జనం చేరారు. మా ఊళ్ళో సలహాకు కరువుండదు.

“కొస కోసెయ్యండి!”

“ముందు నన్ను కొయ్యండి,” అంది సైమి.

“వంతెన ఎత్తించు, ఆల్వీజె!”

పైనుంచి నీవెస్ గొంతు వినిపించింది. “దుప్పట్లు మడత పెట్టడం ఇప్పట్నుంచే నేర్చుకోవయ్యా!”

ఆల్వీజె ముఖం తోటవైపు తిరిగింది. అతని ఆశ ఈసారీ ఆ గోడ దాకా వచ్చి ఆగిపోయినట్టే ఉంది. తర్వాత పడవ అంచు వైపు చూశాడు, నీళ్ళ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. పీపా మూత మీద పిడికిలితో కొట్టి కేక పెట్టాడు.

“నీడ! ఊరికే నీడ! కావాలంటే పడవెక్కండి, గట్టు మీదికి పొయ్యను!”

ఇంకేముంది! చేపల కొట్టు ఆవిడ కత్తితో సహా దిగింది. ప్రార్థన సగంలో ఉన్న ఫాదర్ గారు మిగతా సగం పడవలో చేస్తానన్నారు. కుంటికర్ర తాత కర్ర గట్టు మీద మరిచిపోయి గెంతాడు. ఎక్కినకొద్దీ పడవ నీళ్ళలోకి దిగింది. వైన్ పీపాలోంచి కడుపుల్లోకి మారుతోంది గాని బరువు ఎక్కడికీ పోవడం లేదు. మూడు వేళ్ళు, రెండు, ఒకటి. అక్కడ ఆగిపోయింది. గట్టు మీద మిగిలింది నీవెస్ ఒక్కతే.

“ఏమే, రావే!”

“నేనా? నేను రాను.”

“నువ్వెక్కితే వెళ్తుందే.”

“అంటే? నేను లావనా?”

వందమంది గ్లాసులు పెదాల దగ్గర ఆపేశారు. ఆల్వీజె టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. “ఈ ఊళ్ళో నీ అంత బరువైన మాట ఎవరికుందే!”

నీవెస్ నవ్వాపుకోలేక వేయించిన చేపల గిన్నెతో సహా దిగింది. పడవ నిట్టూర్చింది. పందిరి వంతెన కిందినుంచి గాలిలా దూరిపోయింది. వంతెన కూడా కాస్త పొట్ట లోపలికి పీల్చుకుందని నేనంటాను. నమ్మనివాళ్ళు వెళ్ళి చూడండి, నడుం దగ్గర ఇప్పటికీ నొక్కు ఉంది.

తోటలోకి అలాగే పాడుకుంటూ వెళ్ళాం. న్యాయనిర్ణేతలు వచ్చేసరికి పందిరి నిలబడి ఉంది. కింద చెక్క బద్దల నీడ గళ్ళుగళ్ళుగా పడుతుంటే వందమంది చేపలు నమిలేస్తున్నారు. న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ అడిగింది, “ఇదేమిటి?”

“నీడ, అమ్మగారూ. రెండు రకాలు. పైది ఈవిడది, గ్లాసుది నాది. పొయ్యమంటారా?”

మొదటి బహుమతి ఎవరో మట్టిమేడకి పోయింది. సైమికి ప్రత్యేక ప్రశంస దక్కింది. కానీ న్యాయనిర్ణేతలు చీకటిపడేదాకా కదలకుండా కూర్చున్నది ఆ ఒక్క పందిరి కిందే. పక్క దేశాల ఆర్కిటెక్టులు వరసగా వచ్చి ఆల్వీజెని అడిగారు, “మా సరుకూ మోస్తావా, నీ జనంతో సహా?”

ఇప్పుడు ప్రదర్శన వచ్చిందంటే అతనికి తీరికుండదు. పోటు ఎక్కువగా ఉన్న రోజు నీవెస్సే తమ్ముడికి ఫోన్ చేస్తుంది. “ఒరెస్తె, బావ పడవకి బరువు తక్కువైందిరా. దుప్పట్లు పట్టుకురా. ఆరినవి కాదు, తడివి!”