శనివారం, కారు అద్దానికి తగిలించిన ట్రే

శనివారం నీసు ముట్టనని, దేశం దాటొచ్చి మేముంటున్న క్వేకర్స్ హిల్‌లో నాకు పెద్ద పేరు. అది వెంకన్న వారమని ఎవరింటికి భోజనానికి వెళ్లినా నా కోసం వేరే గిన్నె, వేరే గరిటె పెట్టేవారు. ఆ మర్యాద నాకూ బాగానే ఉండేది, కాదనను. ఇబ్బందల్లా నా నాలుకతోనే.

మా ఇంటికి అరగంట దూరంలో పాతకాలపు అమెరికా పద్ధతిలో నడిపే హోటల్ ఒకటి ఉంది. అక్కడ కారు దిగనక్కర్లేదు. ఎర్ర గళ్ల పొట్టి గౌను, నెత్తిన కాగితం టోపీ, కాళ్లకు చక్రాల బూట్లు వేసుకున్న అమ్మాయిలు జర్రున వచ్చి, సగం దించిన అద్దానికి ట్రే తగిలించి పోతారు. లోపల అడుగే పెట్టకపోతే నన్నెవరు చూస్తారులే అనుకుని, ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లి ఫోన్‌లోనే చికెన్ బర్గర్ ఆర్డర్ పెట్టాను.

ట్రే తెచ్చిన పిల్లను చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా వీధి చివరి డాక్టరమ్మ కూతురు! ఇక్కడే పుట్టి పెరిగి, ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది. ఆ గౌను మోకాలికి జానెడు పైనే ఆగిపోయింది. ఇంకో రోజైతే నా నోరు ఊరుకునేది కాదు. కానీ ఆ పిల్ల చేతిలో ఉన్నది నా కోడి. గురివింద గింజ సామెత నన్ను చూసే పుట్టించి ఉంటారు. పారిపోదామంటే ట్రే అప్పటికే అద్దానికి తగిలించేసింది, అది తీసేదాకా కారు కదలదు. డాక్టరమ్మకు తెలిస్తే సాయంత్రానికల్లా గుడిలో అందరికీ తెలుస్తుంది. ఇరవై ఏళ్ల పేరు ఒక్క బర్గర్‌తో గంగలో కలిసిపోతుంది. నిజంగానే భయమేసింది.

"మీ అమ్మకు చెప్పకమ్మా," అన్నాను. ఆ పిల్ల నన్ను బతిమాలుకోవాల్సిన మాట నేను బతిమాలుకున్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. రెండు నాప్‌కిన్లు ఎక్కువ పెట్టింది.

"డోంట్ స్ట్రెస్ ఆంటీ. సాటర్‌డేస్ మనవాళ్లే ఎక్కువ వస్తారు. ఐ నెవర్ టెల్ ఎనీవన్."

గుండెల మీంచి బండ దింపినట్టయింది. గౌను సంగతి నేనెత్తలేదు. నిజానికి ఆ పిల్లకు బాగానే నప్పింది.

అప్పుడు చూశాను పక్క కారు వైపు. గుడిలో ఎప్పుడూ నా పక్కనే కూర్చునే ఆవిడ, స్టీరింగ్ కిందికి వంగి తింటోంది. నన్ను చూసి ఇంకా కిందికి వంగింది. నేను చెయ్యి ఊపాను. కాసేపటికి ఆవిడా ఊపింది, కోడికాలు చేతిలో ఉండగానే.