నలభయ్యో పేపరు

మౌలాలి సారు ఇక లేరన్న సంగతి పోయిన గురువారం మూడో పీరియడ్‌లో తెలిసింది. తొమ్మిదో తరగతికి బహుపదులు చెబుతున్నాను. సోషల్ మేడం తలుపు దగ్గరికి వచ్చి తన ఫోన్ నా ముందుకు చాపింది. టీచర్ల గ్రూపులో ఆయన ఫోటో, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా ఉన్నాయి. పిల్లలకు ఒక లెక్క ఇచ్చి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇప్పుడు చెబుదామన్నా వినడానికి ఆయన లేరు.

ఆయన నాకు చదువు చెప్పలేదు, మా బొల్లారం స్కూల్లో పనిచేయలేదు. పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపులో, సికింద్రాబాద్‌లో, పన్నెండు రోజులు ఆయన కింద పనిచేశాను. మౌలాలి వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు కాబట్టి క్యాంపులో అందరికీ ఆయన మౌలాలి సారే. ఈ ఉద్యోగం నాకు ఎవరు నేర్పారని ఎవరైనా అడిగితే మాత్రం ఆ పన్నెండు రోజులే చెబుతాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు, బీఎడ్, టెట్, డీఎస్సీలో మంచి ర్యాంకు. లెక్కల టీచరుకు కావలసినవన్నీ నా ఫైల్లో ఉన్నాయని గట్టి నమ్మకం. ఇంతకుముందు పేపర్లు దిద్దావా అని ఆయన మొదటి రోజు అడిగితే, దానికి జవాబు చెప్పకుండా నా డిగ్రీలన్నీ వరసపెట్టి చదివాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"అవి నిన్ను లోపలికి రానిస్తయి తల్లీ. లోపల ఏం జెయ్యాల్నో ఈ పన్నెండు రోజులల్ల తెలుస్తది."

ఒళ్ళు మండింది. ఆయన చదివింది బీయస్సీ, బీఎడ్ మాత్రమేనని మధ్యాహ్నం లోపలే కనుక్కున్నాను, అంత గొప్పదాన్ని నేను.

ఒక పొడుగు బల్ల చుట్టూ ఆరుగురం కూర్చునేవాళ్ళం. మనిషికి రోజుకు నలభై పేపర్లు. వాటి మీద పిల్లల పేర్లు ఉండవు, కోడ్ నంబరు ఒక్కటే ఉంటుంది. మేము దిద్దినవాటిలో కొన్నింటిని చీఫ్ ఎగ్జామినర్‌గా సారు మళ్ళీ చూసి, అన్నింటి మీదా సంతకం పెట్టాలి. ఆయన ఏ పేపరైనా చివరి పేజీ నుంచి వెనక్కి చూసేవారు. ముందు పేజీల్లో అందరమూ బుద్ధిగానే ఉంటామట, మన అలసట తెలిసేది చివర్లోనట. సున్నా వేస్తే పక్కన కారణం రాయాలి. రాయకపోతే పేపరు తిరిగి మన ముందుకు జారేది.

"తప్పు అని కొట్టేసుడు ఎవరైనా చేస్తరు," అనేవారు. "పిల్లగాడు ఏడ ఆగిండో పట్టుకునుడే మన పని."

మూడు రోజులు నా పేపర్లు అలా జారుతూనే ఉన్నాయి. నాలుగో రోజు నుంచి ఆయన నావి చూడడం మానేశారు, నేరుగా సంతకం పెట్టేస్తున్నారు. నేను ఎంత పొంగిపోయానంటే, పక్కన కూర్చున్న పదిహేనేళ్ళ సర్వీసు మేడంకు సలహాలు ఇవ్వడం కూడా మొదలుపెట్టాను.

ఎనిమిదో రోజు సాయంత్రం ఐదవుతోంది. మిగతావాళ్ళు లేచిపోయారు. నా చేతిలో నలభయ్యో పేపరు. ఆరు మార్కుల ప్రశ్న దగ్గర 'గ్రాఫు చూడుడి' అని రాసి ఉంది, ఇంకేమీ లేదు. సున్నా వేసి, మొత్తం కూడితే పాస్‌కు రెండు మార్కులు తక్కువ. పేపరు ఇచ్చేసి బస్సుకు పరుగెత్తాను.

కార్ఖానా స్టాపు దాటాక సీటు దొరికింది. కూర్చున్నాక ఆ రెండు మార్కులు గుర్తొచ్చాయి. తిరుమలగిరి వచ్చేసరికి లేచాను. దిగి, రోడ్డు పక్కన నిలబడి సారుకు ఫోన్ చేశాను. ఒక పేపరుకు కట్టిన గ్రాఫు కాగితం చూడకుండా సున్నా వేశానని చెప్పాను. ఎన్ని తక్కువ అని అడిగారు. రెండు అన్నాను. తిడతారనుకున్నాను.

"నీ పేపర్లని నేను చూడకుంటనే సంతకం పెట్టిన. రేపు ఎనిమిదింటికి రా."

పొద్దున వెళ్ళేసరికి ఆయన ఉత్తరం రాసి పెట్టుకున్నారు. క్యాంపు ఆఫీసరు దాన్ని చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మార్కుల లిస్టు పైకి వెళ్ళిపోయింది. కట్టలు పదకొండింటికి లారీలో వెళ్ళిపోతాయి. ఇప్పుడు విప్పితే ఇద్దరికీ మెమోలు ఇవ్వక తప్పదు. రిటైర్‌మెంటు రెండు నెలల్లో పెట్టుకొని ఈ పరేషాన్ ఎందుకని సారును నిజంగానే బతిమాలాడు. అనుమానం ఉన్న పిల్లలు రీవెరిఫికేషన్‌కు పెట్టుకోవచ్చు కదా అన్నాడు.

"ఆ గ్రాఫు ఎవరు చూడలేదని రాసినోళ్ళకు ఎట్ల తెలుస్తది సార్?" అన్నారు మౌలాలి సారు. "తెల్వందే ఎట్ల అడుగుతరు?"

ఆఫీసరు గడియారం చూసి, పదిన్నర దాకా టైమిచ్చాడు.

అప్పటికే ఆరుగురి పేపర్లూ కోడ్ వరసలో కలిపేశారు. అంటే రెండు వందల నలభై. వాటిలో సగానికి పైగా పేపర్లకు గ్రాఫు కాగితాలు కట్టి ఉన్నాయి. నేను ముందు నుంచి, ఆయన చివరి నుంచి మొదలుపెట్టాం. నా చేతివేళ్ళు చెమటకు కాగితాలకు అంటుకుంటున్నాయి. తొమ్మిదిన్నరయింది, దొరకలేదు. పది దాటింది, దొరకలేదు. ఎవరి బిడ్డో తెలియదు, ఆడో మగో తెలియదు. నా బస్సు కోసం ఆ బిడ్డ ఏడాది పోతోందని మాత్రం తెలుసు. పది దాటిన పది నిమిషాలకు నా చేతికే తగిలింది.

ముడి విప్పి గ్రాఫు కాగితం పరిచాం. పెన్నుతో గీసిన రెండు అక్షాలు, వాటి మీద అంకెలు. మిగిలిందంతా ఖాళీ. అక్షాలకు ఒక మార్కు ఉంది. ఆయన వేశారు. ఇంకా ఒకటి తక్కువ.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. ఆ ఒక్కటీ వేసేద్దాం సార్, తప్పు నాది, శిక్ష ఆ బిడ్డకెందుకు అన్నాను. ఆయన ఇందాక పక్కన పెట్టిన ఇంకో పేపరు నా ముందుకు జరిపారు. దానికీ ఒకటే తక్కువ.

"దీనికి ఎవరు ఎయ్యాలె మరి? దీన్ని దిద్దినామె తప్పు చెయ్యలేదు గదా," అన్నారు. "ఇయ్యనమ్మా. ఉంటే తీస్త."

తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను. మెమోలు వచ్చాయి. ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఆయనకు అదే మొదటిది, అదే చివరిది. సంజాయిషీ ఆయనే రాశారు, 'గ్రాఫు కాగితము చూచుట మరచితిమి' అని ఇద్దరి తరఫునా. రిటైర్‌మెంటు రోజు భోజనాలలో నా పక్కన కూర్చుని, మెల్లగా ఒక ప్రశ్న అడిగారు. నిజంగనే చూడలేదా అని. లేదు సార్ అన్నాను. తలూపి, నా ఆకులోకి ఇంత పచ్చడి జరిపారు.

నేను చూశాను. ఇదే నేను ఆయనకు చెప్పని మాట. ఆ సాయంత్రం ఆ కాగితం విప్పాను. అక్షాలు తప్ప ఏమీ కనిపించలేదు. ఒక మార్కు కోసం మళ్ళీ పేజీలు తిప్పి, మళ్ళీ కూడడం ఎందుకనుకున్నాను. మూసేశాను. మరచిపోవడం వేరు, ఇది వేరు. ఆయన సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది నా బద్ధకం, దానికి మతిమరుపు అని పేరు పెట్టుకొని. నాకు సిగ్గుగా ఉంది, ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

శుక్రవారం మౌలాలిలో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అమ్మగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పెళ్ళి పత్రిక వచ్చినా మీ సారు వెనక నుంచి చదివేటోడు బిడ్డా అని, నవ్వబోయి ఏడ్చారు. ఆమెకైనా చెబుదామని నోరు తెరిచాను. చెప్పకుండానే లేచి వచ్చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు 'ఉంటే తీస్త' అన్నాక పదిన్నరకు ఏడెనిమిది నిమిషాలే ఉన్నాయి. బయట లారీ వెనక్కి పెడుతున్నారు. క్యాంపు ఆఫీసరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సారు గ్రాఫు కాగితం మీద వేళ్ళతో తడుముతున్నారు. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి వచ్చింది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచారు.

"ఇటు రా అమ్మా."

వెళ్ళాను. ఎండకు ఎత్తిపట్టిన ఆ కాగితంలో, ఖాళీ అనుకున్నచోట, సన్నటి వెలుగు చుక్క. ఇంకొంచెం పైన మరొకటి.

"పెన్సిల్ లేనట్టుంది. బిడ్డ కంపాస్ ముల్లుతోని గుచ్చింది. లైను గూడ పెన్నుతో గీస్తే కొట్టేస్తరేమోనని భయపడ్డది."

నేను ప్రశ్నలోని సమీకరణంలో ఒక్కో విలువా వేసుకుంటూ గళ్ళు లెక్కపెట్టాను. మొదటి చుక్క ఉండాల్సినచోటే ఉంది. రెండోదీ ఉంది. మూడు బిందువులూ ఉంటేనే రెండు మార్కులు. నా కళ్ళు మసకబారాయి, మూడోది కనిపించడం లేదు. బయట లారీ హారన్ కొట్టింది. సారు తొందరపెట్టలేదు, చెయ్యి దించలేదు. నాకు మూడోది కూడా కనిపించేదాకా ఆ కాగితాన్ని అలాగే ఎండకు పట్టుకుని నిలబడ్డారు.