నిండిన బుట్టలు, రాని ఆర్డర్లు

మా ఇంట్లో ఈ కథ చెప్పేవాళ్ళంతా మా మరిదిని, అంటే మా చెల్లి మొగుణ్ణి, పెద్ద మేధావిని చేసి చెబుతారు. ఆయన పది రకాల షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్లు పరిశీలించాడట, మంచీచెడ్డా బేరీజు వేశాడట, పనికిరానిది తీయించి పనికొచ్చేది పెట్టించాడట. విన్నవాళ్ళు ఔనౌనని తలూపుతారు. మగవాడు లాప్‌టాప్ ముందు కూర్చుంటే చాలు, మనవాళ్ళకి పరిశోధన చేస్తున్నట్టే కనిపిస్తాడు. నేనక్కడే ఉన్నాను. ఆయన చూసింది రెండే రెండు. అందులో మొదటిదాన్ని పట్టుబట్టి ఎంచింది నేను. అది తప్పు ఎంపిక. ఒప్పుకోడానికి నాకేం నామోషీ లేదు. కానీ ఆ తప్పు దిద్దింది ఆయన కాదు, నేనూ కాదు.

చెల్లి మా ఊళ్ళో, నర్సీపట్నంలోనే, ఒక ప్రైవేటు బడిలో పద్నాలుగేళ్ళు లెక్కలు చెప్పింది. తీరిక దొరికినప్పుడు గొలుగొండ వైపు నుంచి బెల్లం, కోటవురట్ల నుంచి జీడిపప్పు, ఏజెన్సీ కొండల నుంచి పసుపు తెప్పించి, బాగుచేసి, తెలిసినవాళ్ళకి అమ్మేది. "సుద్దముక్కలు అరగదీసింది చాలు, ఆన్‌లైన్‌లో కొట్టు పెట్టవే" అని ఏడాదిపాటు దాని చెవిలో జోరీగలా పోరింది నేనే. చివరికి వార్షిక పరీక్షలయ్యాక రాజీనామా ఇచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ మంచావిడ. "జూన్‌లో బడి తెరిచేదాకా నీ చోట ఎవర్నీ తీసుకోను, ఆలోపు ఏ సంగతీ చెప్పు" అంది. అంటే మాకున్నది ఒక్క వేసవి. కొట్టు నడవకపోతే చెల్లి మళ్ళీ ఆ స్టాఫ్‌రూమ్‌లోకి తలవంచుకుని వెళ్ళాలి. వెళ్ళేలా చేసిన పాపం నాదవుతుంది.

మేము చూసిన రెండింటిలో ఒకటి పెళ్ళికూతురిలా ఉంది. జీడిపప్పు ఫొటో మీద వేలు పెడితే బద్దల మధ్య గీత కూడా కనిపించేది. రెండోది ప్రభుత్వాఫీసు దరఖాస్తులా ఉంది. ఏ వస్తువైనా బుట్టలో వెయ్యబోతే ముందు ఫోన్ నంబరు ఇమ్మనేది.

"గుమ్మంలోనే గుర్తింపు కార్డు అడిగితే కొట్లోకి ఎవరొస్తారు?" అన్నాను.

"మీరెలాగంటే అలాగే వదినా" అన్నాడు మరిది. ఇప్పటి కథలో మేధావి ఆయనే.

కొట్టు తెరిచి, బంధువులకీ చెల్లి పాత విద్యార్థుల తల్లిదండ్రులకీ లింకు పంపాం. జనం రానే వచ్చారు. బుట్టల నిండా సరుకు వేసుకున్నారు. కొనకుండా వెళ్ళిపోయారు. నింపి వదిలేసిన బుట్టలెన్నో సాఫ్ట్‌వేర్ ఓ మూల చూపించేది. ఆ అంకె రోజూ పెరిగేది. అవి ఎవరివో మాత్రం తెలిసేది కాదు. పేరు, నంబరు, అడ్రసు అడిగే పేజీ చిట్టచివర ఉంది, అక్కడిదాకా ఎవరైనా వస్తేగా! మూడు వారాల్లో మూడు ఆర్డర్లు. ఒకటి మా పిన్నిది, ఒకటి మా పక్కింటివాళ్ళది, మూడోది నేనే పెట్టుకున్నాను.

ధర చూసి జడుస్తున్నారని నేను. "సరుకు తక్కువరకంది పెట్టి ధర తగ్గించమంటావా? నా వల్ల కాదు" అని చెల్లి. పంపే ఖర్చు విడిగా చూపించడమే తప్పని మరిది. సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రదానికి ఫోన్ చేస్తే, తెర మీద డిస్కౌంటు మెరిసేటట్టు పెట్టండి మేడమ్ అంది. పెట్టాను. నిండిన బుట్టలు రెట్టింపయ్యాయి. ఆర్డర్లు అక్కడే ఉన్నాయి. చెల్లి మొహం చూడలేక వాళ్ళింటికి వెళ్ళడం తగ్గించాను. వెళ్ళినప్పుడు మాత్రం అవసరానికి మించి అరిచేదాన్ని.

మే నెలాఖరున ఓ ఉదయం నేనక్కడ ఉండగానే, కంటాసుపత్రిలో చుక్కలమందు వేయించుకున్న ఓ పెద్దావిడ ఆటో దిగి, కొంగుతో కన్నీళ్ళు తుడుచుకుంటూ సరాసరి వరండాలోకి వచ్చింది.

"ఏటమ్మా, ఫోన్లో కొట్టు మీదేనా?"

"మాదే మామ్మగారూ, కూర్చోండి" అంది చెల్లి.

"కూకోడానికి రానేదు. మాది కోటవురట్ల. ఆదివారం నాడు మా కోడలి ఫోన్లోంచి బుట్టలో సరుకేసినాను. లచ్చివారం వొచ్చీసింది. ఇంకా పొట్లం కట్టనేదేటి?"

"ఆర్డరు మాకు రాలేదండీ. బుట్టలో వేశాక కింద ఇంకో బటన్ నొక్కాలి. అడ్రసు రాసి, ఖాయం చెయ్యాలి."

ఆవిడ చెల్లిని ఎగాదిగా చూసింది. "మా ఊరి కిరాణా కొట్లో సరుకుల సీటీ ఇచ్చీసి నేను పనులకెల్లిపోతాను. తిరిగొచ్చేతలికి ఆడు కట్టి ఉంచుతాడు. సూసుకుని డబ్బులిత్తాను. ముప్పయ్యేళ్ళ బట్టీ ఇదే. ఏ రోజైనా 'నిజంగా కావాలా మామ్మా' అని అడిగినాడేటి? ఒట్టి సీటీ ఎవులైనా ఇత్తారా?"

"అది కాదు మామ్మగారూ..." అన్నాను నేను.

"నువ్వూరుకో. నీ నోరు సూత్తే మాటలు కట్టేలాగున్నావు. పొట్లాలు ఎవులు కడతారో ఆళ్ళని రమ్మను."

చెల్లి అప్పటికే త్రాసు దగ్గరుంది. ఆవిడ చెప్పినవన్నీ తూచి, కట్టి, ఆటోలో పెట్టించింది.

ఆటో వెళ్ళాక ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆ నిండిన బుట్టలన్నీ చీటీలు! ధర చూసి పారిపోయినవాళ్ళు కాదు, చీటీ ఇచ్చి మా కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. మమ్మల్ని ఎంత తిట్టుకున్నారో! ఆ బుట్టలెవరివో చెప్పమని వెంటనే కంపెనీకి ఫోన్ చేశాను.

"కస్టమర్ చివరి పేజీకి రాకపోతే వివరాలు తెలియవు మేడమ్."

"గుమ్మంలోకి వచ్చిన మనిషి పేరడగని కొట్టు కూడా కొట్టేనా అమ్మా?" అని పెట్టేశాను. గుర్తింపు కార్డు గురించి నేను వాదించింది చెల్లికి గుర్తొచ్చే ఉంటుంది. ఎత్తిపొడవకుండా ఆ రెండో సాఫ్ట్‌వేర్ పేజీ తెరిచింది, దాని మంచితనం.

రెండు రోజుల్లో ఆ దరఖాస్తులాంటి దానికి మారిపోయాం. ఫొటోలు ఎక్కించింది మరిది. ఆ మేరకు ఆయన గొప్ప నేను కాదనను. అందులో ప్రతి బుట్ట పక్కనా ఫోన్ నంబరు ఉంటుంది. కొత్త లింకు అందరికీ పంపిన మర్నాడు పొద్దున్నే, బుట్టలు నింపినవాళ్ళకి చెల్లి ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. "బుట్టలో జీడిపప్పు వేశారు, కట్టమంటారా అండీ?"

నక్కపల్లి నుంచి ఒకాయన చెల్లి మీదే లేచాడు. "మరింకా కట్టనేదేటండీ! బేగి పంపండి, మా ఆవిడికి రేపే వొచ్చేత్తాదని సెప్పీసేను."

మొదటి రోజు పదకొండు మందికి చేస్తే తొమ్మిది మంది కట్టమన్నారు. ఇద్దరు పసుపు కూడా కలపమన్నారు. ఆ మధ్యాహ్నం నేను చాపమీద వాలి, ఫ్యాను కింద సాయంత్రం దాకా ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను. నెలరోజులుగా గుండెల మీద కూర్చున్న బరువు ఎప్పుడు దిగిందో కూడా తెలీలేదు. లేచేసరికి ఇల్లంతా బెల్లం వాసన, పొట్లాలు చుట్టే కాగితం చప్పుడు.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు చెల్లితో అన్నాను. "ఇంక హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పెయ్యవే, రానని. ధైర్యంగా చెప్పు."

"ఎప్పుడో చెప్పేశానక్కా" అంది, అట్టపెట్టెకి టేపు అంటిస్తూ.

"ఎప్పుడు?"

"ఆ మామ్మ రాకముందే. ఓ పదిరోజుల ముందు వెళ్ళి, వేరేవాళ్ళని తీసుకోండి మేడమ్ అని చెప్పొచ్చాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అరుస్తావని" అంది, అంతే.

ఆ పదిరోజులూ నేను బడి తెరిచే తేదీ తలుచుకుని హడలిపోయాను. చెల్లి మాత్రం ఆ దారి తానే మూసేసుకుని వచ్చి, నిమ్మళంగా రోజూ పసుపు జల్లించింది. ఇప్పుడు కొట్టు బాగానే నడుస్తోంది, నాకు బెంగ లేదు. చాలాసార్లు అడిగాను, నవ్వి మాట మార్చేస్తుంది. ఇక్కడైనా రాసి అడుగుతున్నాను, చదువుతుంది కదా: కొనే మనిషి ఒక్కడూ లేని ఆ రోజుల్లో, దేన్ని చూసుకుని అంత నిబ్బరంగా వద్దని చెప్పొచ్చావే?